వూయీ పర్వతయాత్ర

దూరదేశమునకు యాత్ర చేయువారు రెండు మూటలు కట్టుకొనవలెను. ఒకటి చేత మోయునది. అందు వస్త్రములు, మందులు, ధనము, ప్రయాణపత్రములు ఉండును. రెండవది మనస్సున మోయునది. అందు చూడబోవు ప్రదేశమును గూర్చిన తెలివిడి ఉండును. మొదటి మూటను మఱచినవాడు నాలుగు దినములు ఇబ్బంది పడును. రెండవదానిని మఱచినవాడు ఎంత దూరము పోయినను, కొండను కొండగాను ఱాతిని ఱాతిగాను మాత్రమే చూచి మఱలి వచ్చును. దక్షిణ చైనాలోని వూయీ పర్వతములకు పోదలచినచో ఈ రెండు మూటలను ఎట్లు సిద్ధపఱచుకొనవలెనో తెలిసికొందము.

వూయీ పర్వతశ్రేణి ఫూజియన్, జియాంగ్సీ అను రెండు రాష్ట్రముల సరిహద్దున వ్యాపించియున్నది. ఇందు హువాంగ్‌గాంగ్ అను శిఖరము సుమారు 2,160 మీటర్ల ఎత్తు కలది. చైనా ప్రధాన భూభాగపు ఆగ్నేయదిశలో ఇదియే మిక్కిలి ఉన్నతమైన శిఖరము. వాయవ్యమునుండి వీచు చలిగాలులను ఈ పర్వతములు అడ్డగించును. సముద్రముమీదినుండి వచ్చు తేమగాలులను నిలిపి వర్షింపజేయును. అందుచేత ఇచటి అడవులు సంవత్సరము పొడవునను పచ్చగా నుండును. తూర్పు పాదమున భూమి స్వరూపము వేఱు. అచట ఎఱ్ఱని ఇసుకఱాతి కొండలు గోడలవలె నిటారుగా లేచియున్నవి. వాని నడుమ ఒక సెలయేఱు మెలికలు తిరుగుచు ప్రవహించుచున్నది. యాత్రికులు ముఖ్యముగా చేరునది ఈ చోటికే.

యాత్రకు కాలమును నిర్ణయించుకొనుట మొదటి పని. మే, జూన్ నెలలలో ఇచట వానలు మెండు. ఏఱు పొంగినప్పుడు తెప్పలను నడపనీయరు. సెప్టెంబరు మొదలు నవంబరు వఱకు ఆకాశము తేటగా నుండును. ఆ కాలమే ప్రయాణమునకు అనువైనది. తేయాకు కోత చూడగోరువారు మాత్రము ఏప్రిల్ చివర పోవుట మేలు. రెండవ పని అనుమతుల సంపాదనము. భారతీయులు చైనాకు పోవుటకు పాస్‌పోర్టు, వీసా ఉండవలెను. దినమునకు ఇన్ని తెప్పలే అను పరిమితి కలదు గనుక ఆ చీట్లను ముందుగానే తీసికొనవలెను. ఫూజియన్ రాజధాని ఫూచౌ నగరము. అచటినుండి వేగముగా పోవు రైళ్లు పర్వతప్రాంతమునకు నడచుచున్నవి. మూడు దినములు కేటాయించినచో ముఖ్యమైనవానిని తీరికగా చూడవచ్చును.

మొదటి దినమును ఏటికి ఇయ్యవలెను. దీనికి తొమ్మిది వంపుల ఏఱని పేరు. వంపులతో గూడిన భాగము తొమ్మిదిన్నర కిలోమీటర్లు. వెదురు బొంగులను చేర్చి కట్టిన తెప్పపై ఆరుగురు కూర్చుందురు. ముందొకడు, వెనుకనొకడు గడవేసి నడుపుదురు. ప్రయాణమునకు గంటన్నరకు పైగా పట్టును. తెప్ప ప్రవాహమువెంట పోవును గనుక తొమ్మిదవ వంపు మొదట వచ్చును, మొదటి వంపు చివర వచ్చును.

దారిలో కొండగోడలపై, మనిషి చేరుటకు శక్యముగాని ఎత్తున, పగుళ్లలోను గుహలలోను కొయ్యపెట్టెలు కనబడును. అవి పడవల ఆకారమున చెక్కిన శవపేటికలు. వానిలో కొన్ని మూడువేల యేండ్లకు పైబడినవని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. పూర్వులు అంత బరువైన పేటికలను ఆ నిటారు గోడలపైకి ఎట్లు చేర్చిరో నేటికిని నిశ్చయముగా తేలలేదు.

రెండవ వంపువద్ద రత్నకన్య అను శిఖరము నిలిచియున్నది. దానికి ఎడముగా మహారాజశిఖరము కలదు. వీరిరువురు పూర్వము ప్రేమికులనియు, ఒక దుష్టుడు వారిని ఱాళ్లుగా మార్చి, తాను నడుమ నిలిచి ఒకరినొకరు చూడకుండ అడ్డుపడెననియు స్థానికులు కథ చెప్పుకొందురు. ఆ నడుమ నిలిచిన శిలనుగూడ చూపుదురు.

అయిదవ వంపుకడ తెప్ప సాగుచుండగా ఒడ్డువైపు శ్రద్ధగా చూడవలెను. 1183లో జూషీ అను తత్త్వవేత్త ఇచట ఒక విద్యాశ్రమమును నెలకొల్పెను. ఆయన 1130లో జన్మించి 1200లో మరణించెను. కన్ఫ్యూషియసు బోధనలకు చెందిన నాలుగు గ్రంథములకు ఆయన వ్రాసిన వ్యాఖ్యలు 1313లో ప్రభుత్వోద్యోగ పరీక్షలకు ఆధారముగా నిర్ణయింపబడినవి. ఆ పరీక్షలు 1905లో రద్దగువఱకు దాదాపు ఆఱువందల యేండ్లు చైనా విద్యార్థులు ఆ వ్యాఖ్యలనే చదివిరి. ఈ ఏటి ఒడ్డున కొలదిమంది శిష్యులకు చెప్పిన పాఠము ఒక మహాదేశపు పాఠమైనది.

రెండవ దినమున తియన్‌యూ శిఖరమును ఎక్కవలెను. ఎనిమిది వందలకు మించిన మెట్లు కలవు. ప్రాతఃకాలముననే బయలుదేరుట మంచిది. పైనుండి చూచినచో ఏటి మెలికలు స్పష్టముగా కనబడును. సాయంకాలము తేయాకు తోటలకు పోవలెను. ఱాతి సందులలోని కొద్దిపాటి మట్టిలో పెరుగు ఈ మొక్కల ఆకును ఱాతి తేయాకు అందురు. 1302లో చక్రవర్తి కొలువునకు తేయాకు పంపుటకై ఈ ఏటి నాలుగవ వంపువద్ద ప్రత్యేకముగా ఒక తోట ఏర్పాటయ్యెను. ఒక కొండగోడపై ఆఱు ప్రాచీన వృక్షములు కలవు. వానికి ఎఱ్ఱని పెద్ద అంగీ అని అర్థమిచ్చు డాహాంగ్‌పావ్ అను పేరు. పరీక్షకు పోవుచు దారిలో జబ్బుపడిన ఒక విద్యార్థికి సన్న్యాసులు ఈ ఆకు కషాయమిచ్చి బ్రతికించిరనియు, అతడు ఉత్తీర్ణుడై తిరిగి వచ్చి తనకు లభించిన ఎఱ్ఱని అంగీని ఆ చెట్టుకు కప్పెననియు ఒక గాథ. ఆ వృక్షములను కాపాడుటకై 2006 నుండి వాని ఆకు కోయుట మానివేసిరి.

ఈ తేయాకుతో మనకును సంబంధము కలదు. ఫూజియన్ తీరవాసుల పలుకుబడిలో ఆ మొక్క పేరు 'తే'. డచ్చి వర్తకుల ఓడలమీద ఆ మాట ఐరోపా చేరి, ఆంగ్లమున 'టీ' అయినది. చైనాలోని తక్కిన భాగములలో దాని పేరు 'చా'. అది భూమార్గమున పారసీకమునకు పోయి 'చాయ్' అయినది. నేడు హైదరాబాదు వీథులలో టీ అన్నను, చాయ్ అన్నను చైనా మాటనే పలుకుచున్నాము.

మాటయే కాదు, మొక్కయు వచ్చినది. 1848లో ఈస్టిండియా కంపెనీవారు రాబర్ట్ ఫార్చ్యూన్ అను వృక్షశాస్త్రజ్ఞుని చైనాకు పంపిరి. లోపలి ప్రాంతములకు విదేశీయులు పోరాదను నిషేధముండుటచే, అతడు చైనీయుని వేషము ధరించి 1849లో ఈ కొండలకు చేరెను. 1851లో వేలకొలది మొక్కలతోను, తేయాకు తయారీలో నేర్పరులైన చైనీయులతోను భారతదేశమునకు వచ్చెను. ఆ మొక్కలు హిమాలయప్రాంతపు తోటలకు చేరినవి. అస్సాములో తేయాకు మొక్క అంతకు ముందే సహజముగా పెరుగుచుండెను. అయినను ఆకును వాడ్చి, నలిపి, వేచి పానీయమునకు యోగ్యముగా చేయు విద్యను చైనా పనివారినుండియే ఇచటివారు నేర్చుకొనిరి. భారతీయుడైన యాత్రికుడు ఈ ఋణమును జ్ఞప్తియందుంచుకొనుట ఉచితము.

మూడవ దినమున చెంగ్‌ట్సున్ గ్రామమువద్ద బయల్పడిన హాన్ యుగపు నగరశిథిలములను చూడవచ్చును. రెండువేల యేండ్లకు పూర్వపు ప్రాకారములు, భవనముల పునాదులు అచట కలవు.

ఇంత ప్రాచీనమైన అడవి ఇన్ని యుగములు ఎట్లు నిలిచినది? ఎనిమిదవ శతాబ్దమున తాంగ్ వంశపు చక్రవర్తి షువాన్‌జోంగ్ ఈ ప్రాంతమున చేపలు పట్టుటను, చెట్లు నఱకుటను అరికట్టెను. ఆ నియమమును తరువాతివారును మన్నించిరి. 1999లో యునెస్కో సంస్థ ప్రకృతి, సంస్కృతి రెండింటి గొప్పతనమును గుర్తించి వూయీని ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించెను. 2021లో ఇది చైనా మొదటి అయిదు జాతీయోద్యానములలో ఒకటియైనది. అరణ్యగర్భమునకు యాత్రికులను పోనీయరు.

కొందఱికి ఈ నిషేధము కష్టముగా తోచవచ్చును. ఎంతో దూరమునుండి వచ్చి, ధనము వెచ్చించి, సగము చూచి పోవుటయా అని వారందురు. కాని చూడగోరినవారందఱును అడుగుపెట్టినచో చూచుటకు ఏమియు మిగులదు. ఆ ఆఱు చెట్లు నేడు నిలిచియుండుట వాని ఆకు కోయక విడిచినవారి చలువ. కొంత చూచి, కొంత విడిచి వచ్చుట తెలిసినవాడే ఉత్తమ యాత్రికుడు. అట్టి నిగ్రహమును ఇంటనుండియే రెండవ మూటలో కట్టుకొని పోవలెను.

ప్రశ్నలు

1. యాత్రికునికి కావలసిన రెండు మూటలు ఏవి? వానిలో ఏది ముఖ్యమని మీరు తలంతురు?
2. వూయీ పర్వతముల అడవులు ఎల్లప్పుడును పచ్చగా నుండుటకు కారణమేమి?
3. జూషీ విద్యాశ్రమమును గూర్చి వ్రాయుడు.
4. తేయాకు విషయమున మన దేశమునకు చైనాతో గల సంబంధమును వివరింపుడు.
5. మీకు తెలిసిన యొక కొండకుగాని, అడవికిగాని మూడు దినముల యాత్రను ఏర్పాటు చేసి వ్రాయుడు. అచట చూడక విడువదగినది ఏదియో తెలుపుడు.