యాప్ ప్రాజెక్టుకు ఒక సెట్టింగుల రిజిస్టరు



కంప్యూటర్ కోర్సులు చదివే మన పిల్లలు చాలామంది చివరి సంవత్సరంలో మొబైల్ యాప్‌నే ప్రాజెక్టుగా తీసుకుంటున్నారు. తయారు చేసిన ల్యాప్‌టాప్‌లో అది చక్కగా నడుస్తుంది. కాలేజీ కంప్యూటర్‌లో మళ్లీ బిల్డ్ చేయబోతే ఆగిపోతుంది. సెట్టింగులు పెట్టిన స్నేహితుడు ఆ రోజు రాకపోతే వైవాలో జవాబు చెప్పే వారుండరు, మార్కులు మాత్రం అందరికీ పోతాయి.

మన పెద్దలు తెలంగాణ నుండి వచ్చి ఈ నగరంలో కట్టడపు పనులు చేశారు. కామాఠిపుర పేరే ఆ కామాఠీల వల్ల వచ్చింది. సున్నం ఎంత, ఇసుక ఎంత అన్నది మేస్త్రీ నోట్లోనే ఉంటే, అతను ఊరికి వెళ్లిన రోజున పని ఆగుతుంది. యాప్ కట్టడమూ అంతే.

నేటివ్ కోడ్ అంటే ఏమిటి?

ఆండ్రాయిడ్ యాప్‌ను ఎక్కువగా కోట్లిన్ లేదా జావాలో రాస్తారు. ఫోటోలు, ధ్వని, ఆటల వంటి వేగం కావలసిన చోట సి, సి++ వాడతారు. ఇదే నేటివ్ కోడ్. దీనిని ఒక్కొక్క ప్రాసెసర్ రకానికి విడిగా తయారు చేయాలి. ఆ పని చేసే సాధనాల పేరు ఎన్‌డికె. అందువల్ల సెట్టింగులు పెరుగుతాయి, తికమకా పెరుగుతుంది.

రిజిస్టరులో ఆరు కాలమ్‌లు

సెట్టింగు పేరు, అది ఉన్న ఫైలు, పెట్టదగిన విలువలు, మనం పెట్టిన విలువ, కారణం, మార్చితే ఏమవుతుంది. చాలామంది నాలుగవది రాసి ఊరుకుంటారు. అది ఫైలు తెరిస్తే ఎలాగూ కనిపిస్తుంది. కనిపించనిది కారణం. దానినే తప్పక రాయాలి.

ముఖ్యమైన పద్దులు

1. ఎబిఐ ఫిల్టర్లు: ఏ ప్రాసెసర్లకు తయారు చేయాలో ఇది చెబుతుంది. 64 బిట్ ఆర్మ్ ఒక్కటే పెడితే యాప్ సైజు తగ్గుతుంది. కాని ఇంట్లో అమ్మ వాడే పాత 32 బిట్ ఫోన్‌లో అది ఇన్‌స్టాల్ కాదు. గూగుల్ ప్లే 2019 ఆగస్టు 1 నుండి నేటివ్ కోడ్ ఉన్న యాప్‌లకు 64 బిట్ తప్పనిసరి చేసింది. కావున రెండూ పెట్టి, కారణం రాయండి.

2. ఎన్‌డికె వెర్షన్: కచ్చితమైన నంబరు రాయండి. ఆండ్రాయిడ్ 15, ఆపై వెర్షన్లను టార్గెట్ చేసే కొత్త యాప్‌లు, అప్‌డేట్‌లు 16 కెబి మెమరీ పేజీలకు సరిపోవాలని ప్లే స్టోర్ 2025 నవంబరు 1 నుండి నియమం పెట్టింది. ఎన్‌డికె 28 నుండి ఇది దానంతట అదే జరుగుతుంది. 27లో వేరే ఆప్షన్ పెట్టాలి.

3. కనీస ఎస్‌డికె: 24 అంటే ఆండ్రాయిడ్ 7.0. అంతకంటే పాత ఫోన్లకు యాప్ అందదు.

4. డీబగ్, రిలీజ్ తేడా: రిలీజ్‌లో కోడ్ కుదింపు పెడితే, వాడనట్లు కనిపించే జావా భాగాలను తీసేస్తుంది. సి++ నుండి పేరుతో పిలిచే భాగాలూ అందులో పోవచ్చు. డీబగ్‌లో నడిచిన యాప్ రిలీజ్‌లో పడిపోవడానికి ఇదొక కారణం. ఏయే భాగాలను ఉంచమన్నారో రాసి పెట్టండి.

5. సంతకపు కీ: పాస్‌వర్డ్ రిజిస్టరులో ఎన్నడూ రాయరాదు. కీ ఎక్కడ ఉంది, ఎవరి బాధ్యత అన్నంత వరకే రాయాలి. బ్యాంకులో కూడా తాళం ఎవరి దగ్గర ఉందో రిజిస్టరులో ఉంటుంది, తాళం మాత్రం ఉండదు.

విలువ మార్చిన ప్రతిసారీ తేదీ వేసి, మార్చిన వారి పేరు రాయండి. పాత పద్దును చెరపకండి.

రిజిస్టరు సరిగా ఉందో లేదో తెలుసుకోవడం సులభం. ప్రాజెక్టులో లేని ఒక స్నేహితునికి కోడ్, రిజిస్టరు ఇచ్చి, మీరు నోరు విప్పకుండా కూర్చోండి. అతను ఎక్కడ ఆగి మిమ్మల్ని అడుగుతాడో, అక్కడ ఒక పద్దు తక్కువైందన్నమాట.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీకు కంప్యూటర్ రాకపోయినా ఫరవాలేదు. "నీవు లేకపోతే ఈ పని మరొకరు నడపగలరా?" అని పిల్లలను ఒక్కసారి అడగండి. రేపు ఉద్యోగంలో వారిని అడిగే ప్రశ్న కూడా అదే.