ఆపరేషన్‌కు ముందు – నిజం చెప్పండి, మేలు పొందండి



కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో హెర్నియా ఆపరేషన్‌కు ఆరేళ్ల బాబును చేర్చారు. ఆకలికి ఏడుస్తున్నాడని నాయనమ్మ తెల్లవారుజామున చాయలో రెండు బిస్కెట్లు ముంచి పెట్టింది. మేము అడిగితే ఏమీ పెట్టలేదన్నది. థియేటర్ దగ్గర బాబు నోటి పక్కన బిస్కెట్ పొడి చూసి, ఆమెను కూర్చోబెట్టి మెల్లగా అడిగాను. "తిడతారని చెప్పలేదమ్మా" అన్నది. ఆపరేషన్ మరునాటికి వాయిదా వేశాము. బాబు క్షేమంగా ఇంటికి వెళ్లాడు. పెట్టవద్దు అన్నామే గాని, ఎందుకు పెట్టవద్దో మేము ఆమెకు చెప్పలేదు. అది మా లోపము.

ఖాళీ కడుపు ఎందుకు? మత్తులో దగ్గు రాదు. కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాపాయము. అందుకే మామూలుగా అన్నం, టిఫిన్, పాలు, పాల చాయ 6 గంటల ముందే ఆపాలి. మాంసం, నూనె పదార్థాలైతే 8 గంటలు. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగవచ్చు. అయినా మీ మత్తు డాక్టరు చెప్పిన సమయమే పాటించండి. ఉదయం రైలుకు వచ్చేవారు డోర్నకల్ స్టేషన్‌లో ఇడ్లీ తిని రాకండి. పొరపాటున తింటే వెంటనే చెప్పండి, ఎవరూ తిట్టరు.

దాచకూడని సంగతులు: బి.పి., షుగర్, రక్తం పలుచబడే మాత్రలు, ఆకు మందులు, బీడీ, కల్లు. రోజూ కల్లు తాగేవారికి ఒక్కసారిగా ఆగితే వణుకు, ఫిట్స్ రావచ్చు. ముందే తెలిస్తే డాక్టరు తగిన మందు ఇస్తారు. ఏ మాత్ర వేసుకోవాలో, ఏది ఆపాలో అడిగి తెలుసుకోండి.

శుభ్రత: ముందు రోజు గాని, ఆ ఉదయం గాని సబ్బుతో స్నానం చేయండి. ఇంట్లో బ్లేడుతో గీయవద్దు. చిన్న గాట్లలో క్రిములు చేరి కుట్లు చీము పడతాయి. గోళ్ల రంగు తీసేయండి, వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ సరిగా చూపకపోవచ్చు. గాజులు, మట్టెలు, పుస్తెలు, కట్టుడు పళ్లు తీసి ఇంటివారికి ఇవ్వండి.

సంతకం: ఏ ఆపరేషనో, ఎందుకో అర్థమయ్యాకే సంతకం గాని, వేలిముద్ర గాని వేయండి. తెలుగు రాకపోతే లంబాడీలో చెప్పించమనండి. మీ పేరు, ఏ వైపు ఆపరేషన్ అని మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన భద్రతా పట్టికలో ఇది ఒక భాగము.

భయముంటే సిస్టర్‌తో చెప్పండి. ప్రార్థన చేయమని అడగండి, తప్పక చేస్తాము. దేవుడు మిమ్మును స్వస్థపరచును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్