అహర్గణం – దినగణన

రెండు తేదీల నడుమ ఎన్ని దినాలు గడిచాయో చెప్పడం చూడటానికి సులభం, చేయబోతే చిక్కు. నెలలన్నీ సమానం కావు. ఫిబ్రవరి తీరు ఏటేటా ఒకేవిధంగా ఉండదు. చాంద్రమానంలోనైతే అధికమాసాలు, క్షయతిథులు ఎదురవుతాయి. ఈ చిక్కును విడదీయడానికి పూర్వులు ఒక ఉపాయాన్ని కనుగొన్నారు. నిర్ణీతమైన ఒక దినాన్ని మొదలుగా స్వీకరించి, నాటినుండి గడచిన దినాలను వరుసగా లెక్కించడమే ఆ ఉపాయం. ఆ మొత్తానికి జ్యోతిశ్శాస్త్రంలో ‘అహర్గణం’ అని పేరు. అహస్సు అనగా దినం. అహర్గణం అనగా దినాల సమూహం.

భారతీయ సిద్ధాంతకర్తలు ఈ గణనకు కలియుగారంభాన్ని మొదలుగా గ్రహించారు. జూలియన్ కాలమానం ప్రకారం అది క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18, శుక్రవారం. గడచిన సౌరవర్షాలను మాసాలుగా మార్చి, అధికమాసాలను కలిపి, ఆ మాసాలను తిథులుగా చేసి, క్షయతిథులను తీసివేస్తే అహర్గణం లభిస్తుంది. గ్రహస్థితుల గణనకు ఇదే పునాది. అయితే సంఖ్య పెరిగినకొద్దీ గణితం భారమవుతుంది. అందువల్ల కరణగ్రంథకర్తలు తమ కాలానికి సమీపమైన దినాన్ని మొదలుగా ఎంచుకున్నారు. బ్రహ్మగుప్తుని ‘ఖండఖాద్యకం’ క్రీ.శ. 665ను, గణేశదైవజ్ఞుని ‘గ్రహలాఘవం’ 1520ని ఆరంభవత్సరాలుగా స్వీకరించాయి. ఐరోపాలో జోసెఫ్ స్కాలిజర్ 1583లో ప్రతిపాదించిన కాలచక్రం ఆధారంగా, క్రీ.పూ. 4713 జనవరి 1 మొదలుగా గల జూలియన్ దినసంఖ్య ఖగోళశాస్త్రజ్ఞుల వాడుకలోకి వచ్చింది.

నేటి కంప్యూటరు కూడా ఈ మార్గాన్నే అనుసరిస్తున్నది. ఎక్సెల్‌లో ‘టుడే’ అనే ఫంక్షన్‌ను పిలిస్తే తెరపై నేటి తేదీ కనబడుతుంది. ఆ గడిని సంఖ్యారూపానికి మారిస్తే అసలు విషయం బయటపడుతుంది. అక్కడ ఉన్నది తేదీ కాదు, దినసంఖ్య. 1900 జనవరి 1కి ఒకటి అనే సంఖ్యనిచ్చి, అది మొదలు ఆ లెక్క సాగుతుంది. పైథాన్ భాషలోని దినసంఖ్య క్రీ.శ. 1వ సంవత్సరం జనవరి 1తో మొదలవుతుంది. యూనిక్స్ వ్యవస్థలు 1970 జనవరి 1 నుండి సెకన్లను లెక్కిస్తాయి. ఆ మొత్తాన్ని 86,400తో భాగిస్తే గడచిన దినాలు తెలుస్తాయి.

మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1947 ఆగస్టు 15ను ఉదాహరణగా తీసుకుందాం. ఆ దినానికి ఎక్సెల్ సంఖ్య 17,394. పైథాన్ సంఖ్య 7,10,988. కలి అహర్గణం 18,43,947. రాజ్యాంగం అమలులోకి వచ్చిన 1950 జనవరి 26కు ఇవి వరుసగా 18,289, 7,11,883, 18,44,842. సంఖ్యలు వేరైనా వాటి భేదం అన్నిటా 895 దినాలే. వారం తెలుసుకోవడమూ సులభమే. 18,43,947ను ఏడుతో భాగిస్తే శేషం లేదు. కాబట్టి అది కలియుగారంభం వలెనే శుక్రవారం. 18,44,842కు శేషం ఆరు. శుక్రవారం మొదలు ఆరు దినాలు జరిగితే గురువారం.

ఈ పద్ధతిలో అప్రమత్తత ఎంతో అవసరం. 1900 లీపు సంవత్సరం కాదు. అయినా లోటస్ 1-2-3 అనే పూర్వపు ప్రోగ్రాం దానిని లీపు సంవత్సరంగా భావించింది. దానితో పొత్తు కుదరడానికి ఎక్సెల్ కూడా లేని ఫిబ్రవరి 29ని లెక్కలో చేర్చుకున్నది. ఆ దోషం నేటికీ కొనసాగుతున్నది. ఎక్సెల్‌లోనే 1904 జనవరి 1 మొదలుగా గల మరొక పద్ధతి కూడా ఉన్నది. ఒక పద్ధతిలోని సంఖ్యను మరొక పద్ధతిలో చదివితే తేదీ 1,462 దినాలు, అనగా నాలుగేళ్ల ఒక దినం తప్పుతుంది. వయస్సు, వడ్డీ, పింఛను లెక్కలలో ఇట్టి పొరపాటు జరిగితే నష్టపోయేది సామాన్యుడే.

దినం ఎప్పుడు మొదలవుతుందనేది కూడా ముఖ్యమే. సూర్యోదయం నుండి లెక్కించే ఔదయిక పద్ధతి, అర్ధరాత్రి నుండి లెక్కించే ఆర్ధరాత్రిక పద్ధతి మన సిద్ధాంతాలలో వేర్వేరుగా ఉండేవి. యూనిక్స్ గణన గ్రీనిచ్ అర్ధరాత్రిని అనుసరిస్తుంది. కాబట్టి సవరణ లేకుండా భాగిస్తే భారతదేశంలో ఉదయం 5.30 గంటలలోపు నిన్నటి దినసంఖ్యయే వస్తుంది.

దినసంఖ్యను వినియోగించేవారు ముందుగా రెండు విషయాలు అడిగి తెలుసుకోవాలి: గణన ఏ దినంతో మొదలైంది? దినం ఏ క్షణంతో మొదలైంది? పూర్వం పంచాంగకర్త వేసుకున్న ఈ ప్రశ్నలనే నేడు ప్రోగ్రాం రచించే విద్యార్థి కూడా వేసుకోవాలి.