అవ్వ జ్ఞాపకార్థము ఏమి చేయవలెను?

సమస్య



మాది అరకులోయ మండలములో కొండవాలున ముప్పది గడపలైన లేని పల్లె, మేము కొండదొరలము. గడచిన మాఘములో మా అవ్వ, అనగా మా నాన్నను కన్నతల్లి, కాలము చేసినది. ఆమె మా యింటికి మాత్రమే అవ్వ గాదు. నేడు మీసము మెలివేయు మా ఊరి మగవారిలో సగముమందికి బొడ్డు కోసినది ఆమెయే. సొరబుర్రలలో బూడిద కలిపి ఆమె దాచిన సామ, చోడి విత్తనము, తొలకరికి చేత గింజలేని ప్రతి ఇంటికిని చేరెడిది. వానకాలమున ఇండ్లలో తిండిగింజలు నిండుకొన్నపుడు, వేసవిలోనే ఎండబెట్టి యుంచిన మామిడిటెంకలు పగులగొట్టి, లోపలి జీడి దంచి, ఆ పిండిని గెడ్డలో పారు నీట పదేపదే కడిగి వగరు పోగొట్టి, అంబలి కాచి, వచ్చిన పిల్లలకెల్ల పోసెడిది. బూజు పట్టిన టెంక ఒక్కటి కనబడినను, అది ఎంత ఆకలిదినమైనను, గంపను గంపగా పారబోయించెడిది.

ఆమె పోయినది మొదలు మా అరుగు బోసిపోయినది. మా అన్నయ్య ఆమెకు సిమెంటు విగ్రహము చేయించి, మండపము కట్టి, చుట్టుపట్ల పల్లెలన్నిటికి భోజనము పెట్టవలెనని పట్టుబట్టినాడు. అందులకు కావలసిన సొమ్ము మైదానమునుండి వచ్చు ఒక వర్తకుడు అప్పిత్తుననుచు, రాబోవు కాఫీ పంటను, అవ్వ పేరిట అటవీహక్కు పత్రముగల భూమిని హామీగా అడుగుచున్నాడు. నేను వద్దన్నచో, “పట్నములో నర్సు ఉద్యోగము రాగానే అవ్వను మరచినావు” అని అన్నయ్య నిష్ఠూరమాడుచున్నాడు. ఆ మాట నన్ను నిద్రపోనీయకున్నది. నాన్న ఎటును చెప్పడు. అప్పు చేయక, అన్నయ్య మనసు నొప్పింపక, అవ్వ పేరు నిలుపు మార్గమేదో సెలవిండు.

ఇట్లు,
ఒక మనుమరాలు

సలహా

అమ్మా,

మీ అన్నగారి పట్టుదలకు మూలము దుఃఖమేయని నేను నమ్ముచున్నాను. కావున ఆయనతో వాదమునకు దిగుటకు ముందు, అవ్వకొక గుర్తు నిలుపవలెనన్న కోరిక న్యాయమైనదేయని మనస్ఫూర్తిగా ఒప్పుకొనుడు.

వర్తకుని సంగతి ముందుగా తేల్చుకొనవలెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము ప్రకారము అట్టి భూమి వారసులకు సంక్రమించునే గాని, అమ్ముటకు గాని ఇతరులకు బదలాయించుటకు గాని వీలులేనిది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల పాలగుట చెల్లదని 1959 నాటి భూబదలాయింపు నిబంధనయు, దాని 1970 సవరణయు శాసించుచున్నవి. హామీ చెల్లకున్నను అప్పు మాత్రము మెడకు చుట్టుకొనియే యుండును. కాఫీ పంట చెట్టుననుండగనే పరహస్తగతమగును. ఆ గడప తొక్కవలదు.

ఇక అసలు విషయము. బూజు పట్టిన టెంకల మాట చదివి నేను చాలసేపు ఆగిపోతిని. 2001లో ఈ తూర్పు కనుమలలోనే, ఒడిశా రాష్ట్రపు కాశీపూరు ప్రాంతమున, మామిడిటెంకల అంబలి త్రాగిన గిరిజనులు ఇరువదిమందికి పైగా మరణించిరను వార్త దేశమంతటిని కలచివేసినది. ఆకలి మనుష్యుని ఎంచుకొననీయదు. ఆకలిదినమున సైతము చెడిన గంపను పారబోయించుటకు తెలివియు గుండెదిటవును గల ముసలమ్మ ఒకతె ఉన్న పల్లె బ్రదికి బయటపడును. మీ అవ్వ మీ పల్లెకు చేసిన మహోపకారము, విత్తనముతోను మంత్రసానితనముతోను కలిపి, ఇట్టి తెలివియే యని నా అభిప్రాయము. దానిని పోనిచ్చి ఆమె ముఖమును మాత్రము సిమెంటులో నిలుపుటకు నా మనసొప్పకున్నది.

ఆ తెలివి ఏ భాషలో ఉన్నది? మీ కొండదొరల భాషయైన కూబిని మీ యింట ఇంకను మాటలాడుదురో లేదో మీరు వ్రాయలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు మీ కొండదొరల నోట విన్న కథలతోను, వ్యాకరణముతోను, పదకోశముతోను ఆ భాషను గూర్చి 1969లో గ్రంథము వెలువరించినారు. అంతకు పూర్వమే గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవరభాష నేర్చి, సవర పిల్లలకు బడులు పెట్టించి, ఆ భాషకు వ్యాకరణమును నిఘంటువును సమకూర్చినారు. పరాయివారై యుండియు వారు పడిన శ్రమలో పదియవ వంతు మీరు పడిన చాలును. మీ అవ్వ ఈడు స్త్రీలు ఇంకను బ్రదికియున్నారు, మీ చేతిలో ఫోనున్నది. వారి ప్రక్కన కూర్చుండి, ఏ టెంక మంచిదో ఏది చెడ్డదో, ఏ దుంపను ఎన్ని నీళ్లలో ఉడికింపవలెనో, ఏ విత్తనము ఏ వాలున వేయుదురో, వారి నోటి మాట వారిదిగానే పట్టి యుంచుడు. ఈ పని వచ్చే ఏటికి వాయిదా వేయదగినది కాదు.

ప్రసవముల విషయమున ఆమె వారసురాలు మీరే. వానకాలమున నొప్పులు పడుచున్న ఆడుకూతురిని డోలీలో మోసికొని దిగు దురవస్థ మన కొండలకు ఇంకను తప్పలేదు గదా. మీ పల్లెలో నెలలు నిండబోవు ప్రతి గర్భిణిని ముందుగానే రోడ్డు దాపునకు, వైద్యము అందు చోటునకు చేర్చు పూచీ మీరు వహింపుడు. పట్నములో నుండి అవ్వను మరచినారన్న నిష్ఠూరమునకు అంతకు మించిన జవాబు నాకు తోచదు.

మీ అన్నగారికిని పని కావలెను; దుఃఖములో నున్న మగవాడు ఊరకుండలేడు. చైత్రమున ఇటుకల పండుగ వచ్చును గదా! ఇంటింటి విత్తనమును దేవత ముందుంచి పూజించి తిరిగి పంచుకొను ఆ దినమున, అవ్వ బుర్రలలో మిగిలిన సామలు, చోళ్లు ఆయన చేతనే ఊరివారికి పంచింపుడు. తీసికొన్నవారు పంట చేతికి రాగానే అంతకు అంత తిరిగి ఇచ్చునట్లు పెద్దలయెదుట మాట తీసికొని, ఆ బుర్రలను కాపాడు భారము ఆయనకే ఒప్పగింపుడు. గుర్తుగా ఒక రాయి నిలుపుట మీ పెద్దల ఆచారములో నున్నచో, వారు చూపిన చోట నిలుపుడు. దానికి అప్పు అక్కరలేదు. భోజనము పెట్టదలచినచో ఇంట నున్నంతలో, మీ పల్లెవరకే పెట్టుడు.

ఈ జాబును మీ అన్నగారికి చదివి వినిపించి, ఆయన ఏమన్నదియు మాకు వ్రాయుడు.