గుఱ్ఱపు ఊపిరితిత్తుల ద్రవమును కొలుచుట

విశాఖపట్టణపు ఆటోనగరునకు లారీ మరమ్మతుకు వచ్చినచో, మేస్త్రీ కొలపుల్లను పైకి దీసి ఆయిలు ఎంత యున్నది, ఏ రంగున నున్నది చూచును. లారీలకు ముందు బండ్లు లాగిన గుఱ్ఱమునకు ఇట్టి పుల్ల లేదు. పాడేరు మన్యమున రహదారి లేని కొన్ని గ్రామములకు నేటికిని గుఱ్ఱములే సరకులు మోయుచున్నవి. అట్టి గుఱ్ఱము దగ్గుచు, డొక్క లెగురవేయుచున్నచో దాని ఊపిరితిత్తులలో ఏమున్నదో తెలియుట యెట్లు?

పశువైద్యులు దానికి కొంచెము మత్తునిచ్చి, ముక్కురంధ్రము గుండ పొడవైన గొట్టమును ఊపిరితిత్తులలోని సన్నని గాలిగొట్టము వఱకు పంపుదురు. క్రిమిరహితమైన ఉప్పునీటిని 250 మొదలు 500 మిల్లీలీటర్ల వఱకు పోసి, వెంటనే వెనుకకు లాగుదురు. పోసినదంతయు రాదు, సగమో, అంతకు కొంచెము హెచ్చో వచ్చును. పైన నురుగు తేలినచో నమూనా మంచిదని గుర్తు. ఎంత పోసిరో, ఎంత వచ్చినదో తప్పక వ్రాసియుంచవలెను.

పిదప సూక్ష్మదర్శిని క్రింద కణములను లెక్కింతురు. న్యూట్రోఫిలులను తెల్లకణములు ఆరోగ్యముగల గుఱ్ఱమున సాధారణముగా నూటికి 5కు మించవు. తీవ్రమైన ఉబ్బసమున 25 దాటును. ఇది నూటికి ఇన్ని యను లెక్క గనుక నీరు కలిసినను పెద్దగా చెడదు. కాని ద్రవములో ఫలానా పదార్థ మెంత యున్నదని అడిగినప్పుడు చిక్కు వచ్చును. నీళ్ళు కలిసిన పాలలో వెన్న ఇంతయని చెప్పుట వంటిదే యిది. ఎన్ని నీళ్ళు కలిసినవో ముందు తెలియవలెను.

ఇందుకు సాయపడునది యూరియా. పొలమునకు చల్లు యూరియాయే రక్తములోను సహజముగా నుండును. అది రక్తమునుండి ఊపిరితిత్తుల ద్రవములోనికి ధారాళముగా పాఱును గనుక రెండింటను ఇంచుమించు ఒకే పాళ్ళలో నుండును. పోసిన ఉప్పునీటిలో నుండదు. రక్తములోని యూరియా నమూనాలోని దానికి 100 రెట్లున్నదనుకొందము. అప్పుడు 200 మిల్లీలీటర్ల నమూనాలో ఊపిరితిత్తుల సొంత ద్రవము 2 మిల్లీలీటర్లే. మనుష్యుల వైద్యమున ఈ పద్ధతి 1986లో ప్రకటింపబడినది. నీటిని లోపల ఎక్కువసేపు నిలిపినచో రక్తమునుండి యూరియా ఊరివచ్చి లెక్క తప్పును. వెంటనే లాగుట అందుకే.

ఈ పరీక్ష ప్రతి పశువుల ఆసుపత్రిలో దొరకునది కాదు. అయినను ఉబ్బస మంటువ్యాధి కాదనియు, బూజుపట్టిన గడ్డి దుమ్మే దానికి ముఖ్యకారణమనియు తెలిసినచో సగము పని యైనట్లే. గడ్డిని నీట నానబెట్టి మేపవలెను. గుఱ్ఱమును ఆరుబయట కట్టవలెను. దుమ్ము పోనిదే మందు నిలువదు.

దగ్గుతోపాటు ముక్కునుండి చీము కారుట, చర్మముపై గడ్డలు లేచి పుండ్లగుట కనిపించినచో గ్లాండర్స్ అయి యుండవచ్చును. ఇది మనుష్యులకును సోకు ప్రాణాంతక వ్యాధి. అప్పుడు ముందు జరుగవలసినది రక్తపరీక్ష. హిస్సారులోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రమున అది చేయుదురు. 2009 నాటి కేంద్ర చట్టము ప్రకారము యజమాని ఈ అనుమానమును గ్రామాధికారికి గాని పంచాయతీ బాధ్యునికి గాని తెలుపవలెను. వారు సమీప పశువైద్యునికి వ్రాతమూలకముగా తెలియజేయుదురు. ఆయన వచ్చు వఱకు ఆ గుఱ్ఱమును విడిగా కట్టి, అది త్రాగిన తొట్టిలో వేఱు గుఱ్ఱములకు నీరు పెట్టరాదు.