ల్యాప్‌టాప్ కెమెరాలో బొమ్మ రాకపోతే వరుసగా ఏం చూడాలి?



పురుగులకు జబ్బు కనబడితే వీడియో కాల్‌లో చూపించి సలహా అడగడం మనకిప్పుడు అలవాటవుతోంది. సాత్తూరు నుంచి సేలంలో ఉండే మన పట్టు పరిశ్రమ శాఖ ప్రధాన కార్యాలయానికి పోవాలంటే మదురై, దిండుక్కల్లు, కరూరు, నామక్కల్లు అన్నీ దాటాలి. మైసూరు పరిశోధన సంస్థ ఇంకా దూరం. అయిదో దశ ఉండేదే ఆరేడు రోజులు. పురుగు తినే మొత్తం ఆకులో 80 శాతం పైగా ఆ రోజుల్లోనే తింటుంది. అప్పుడు ఒక్క రోజు ఆలస్యమైనా పెట్టిన ఆకు, ఇచ్చిన కూలి రెండూ పోతాయి.

సరిగ్గా అలాంటప్పుడే కెమెరా నల్లగా నిలబడితే చేతులు ఆడవు. కానీ చాలాసార్లు కెమెరా చెడిపోయి ఉండదు, ఎక్కడో ఒక అడ్డం పడి ఉంటుంది. పురుగు మేత ముట్టకపోతే మనం ఏం చేస్తాం? ముందు గది వేడి, తేమ చూస్తాం, తర్వాత ఆకు, ఆ తర్వాత పురుగు. ఇదీ అంతే, బయట నుంచి లోపలికి పోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి. నాలుగూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగయిందో తెలియదు.

కింద రాసింది విండోస్ 10, విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్‌లకు. స్క్రీన్ మీద పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి, నేను పలికినట్టు రాస్తున్నాను.

1) మూత, బటన్
కొన్ని ల్యాప్‌టాప్‌లలో కెమెరా మీద జరిపే చిన్న మూత ఉంటుంది. అది మూసి ఉందేమో గోటితో జరిపి చూడండి. కొన్నిటిలో కీబోర్డు పై వరుసలో కెమెరా బొమ్మ ఉన్న బటన్ ఉంటుంది, ఇంకొన్నిటిలో పక్కన చిన్న స్విచ్ ఉంటుంది. పిల్లలు ఆడుకునేటప్పుడు ఆ బటన్ నొక్కి ఉండొచ్చు. ఒకసారి నొక్కి చూడండి. మారకపోతే ఎఫ్ఎన్ బటన్ పట్టుకొని నొక్కండి.

2) కెమెరా యాప్‌తో పరీక్ష
కాల్ పూర్తిగా మూసేయండి. స్టార్ట్ నొక్కి కెమెరా అని ఇంగ్లీషులో టైపు చేస్తే విండోస్‌తో వచ్చిన కెమెరా యాప్ వస్తుంది. దాన్ని తెరవండి. అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే. ఇందులో మీ ముఖం కనబడితే కెమెరా బాగానే ఉంది, తప్పు కాల్ యాప్‌లో ఉంది. అప్పుడు 3 చూడండి. ఇందులోనూ రాకపోతే 4 నుంచి చూడండి.

3) కాల్ యాప్
కెమెరాను ఒక యాప్ పట్టుకొని ఉంటే రెండో యాప్‌కు దొరకకపోవచ్చు. జూమ్, వాట్సాప్, మీట్ అన్నీ తెరిచి ఉంటే కావలసింది ఒక్కటే ఉంచి మిగతావి మూసేయండి. కెమెరా యాప్‌ను కూడా మూయడం మరవద్దు. యాప్ సెట్టింగ్స్‌లో వీడియో అనే చోట ఏ కెమెరా ఎంచుకొని ఉందో చూడండి. క్రోమ్‌లో మాట్లాడుతుంటే పైన అడ్రసు పక్కన ఉండే గుర్తు నొక్కి, కెమెరాకు అలో ఇచ్చి, పేజీని మళ్లీ తెరవండి.

4) విండోస్ అనుమతి
సెట్టింగ్స్ తెరిచి ప్రైవసీలోకి పోయి కెమెరా నొక్కండి. విండోస్ 11లో దాని పేరు ప్రైవసీ అండ్ సెక్యూరిటీ. అక్కడ కెమెరా యాక్సెస్ ఆన్‌లో ఉండాలి. దాని కింద యాప్‌లకు అనుమతి ఆన్‌లో ఉండాలి. ఇంకా కిందికి పోతే డెస్క్‌టాప్ యాప్‌లకు వేరే అనుమతి ఉంటుంది, చాలామంది అంతవరకు చూడరు. క్రోమ్ ఆ లెక్కలోకే వస్తుంది. మూడూ ఆన్ చేయండి. యాంటీవైరస్‌లో వెబ్‌క్యామ్ ప్రొటెక్షన్ ఉంటే అదీ అడ్డుకుంటుంది, అందులోనూ అనుమతి ఇవ్వండి.

5) రీస్టార్ట్
షట్‌డౌన్ కాదు, రీస్టార్టే చేయండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఉంటుంది. దానివల్ల షట్‌డౌన్ చేసినా లోపలి పని కొంత దాచిపెట్టుకొని మళ్లీ అక్కడినుంచే మొదలుపెడుతుంది. రీస్టార్ట్ చేస్తేనే అంతా కొత్తగా మొదలవుతుంది.

6) డివైస్ మేనేజర్
స్టార్ట్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. కెమెరాస్ లేదా ఇమేజింగ్ డివైసెస్ అనే చోట చూడండి. కెమెరా పేరు పక్కన కిందికి బాణం గుర్తు ఉంటే ఎవరో ఆపేశారన్నమాట. కుడి క్లిక్ చేసి ఎనేబుల్ ఇవ్వండి. పసుపు గుర్తు ఉంటే అన్‌ఇన్‌స్టాల్ ఇచ్చి రీస్టార్ట్ చేయండి, విండోస్ మామూలుగా తానే మళ్లీ పెట్టుకుంటుంది. విండోస్ అప్‌డేట్ అయిన తర్వాతే చెడి ఉంటే ప్రాపర్టీస్‌లో డ్రైవర్ అనే చోట రోల్ బ్యాక్ నొక్కి చూడండి.

కెమెరా పేరే అక్కడ లేకపోతే, లేదా మూత వంచినప్పుడు బొమ్మ వచ్చి పోతుంటే, లోపలి వైరు వదులై ఉండొచ్చు. కెమెరా వైరు మూత మడత గుండానే పోతుంది. అది రిపేరు అంగడి పని, మనం విప్పొద్దు. యూఎస్‌బీ కెమెరా తగిలించినా పని జరుగుతుంది.

బొమ్మ మసకైతే
మామూలు ల్యాప్‌టాప్ కెమెరాను మూర దూరంలో కూర్చునే మనిషి ముఖానికి అమర్చి ఉంటారు. చాలావాటిలో ఫోకస్ మారదు. పురుగును దగ్గర పెడితే మసకే వస్తుంది, అది చెడిపోవడం కాదు. పురుగును ఫోనుతో పగటి వెలుతురులో ఫోటో తీసి పంపండి, మాట మాత్రం ల్యాప్‌టాప్‌లో మాట్లాడండి. కణుపులు ఉబ్బి పాలు కారడం, చచ్చిన పురుగు గట్టిపడి తెల్లబడడం ఫోటోలో బాగా తెలుస్తాయి. పెబ్రిన్ మాత్రం ఏ కెమెరాలోనూ తేలదు, దానికి మైక్రోస్కోపు పరీక్షే కావాలి.

ల్యాప్‌టాప్‌ను షెడ్డులోకి తీసుకుపోవద్దు
జ్వరం సమయంలో చల్లే సున్నం దుమ్ము కెమెరా అద్దం మీద, కీబోర్డు సందుల్లో పడుతుంది. బ్లీచింగ్ పౌడరు నుంచి వచ్చే క్లోరిన్ లోపలి లోహపు భాగాలను తినేస్తుంది. చాకీ గదిలో తేమ 80 శాతం పైనే ఉంటుంది. ఇవన్నీ మిషనుకు శత్రువులే. దానికన్నా పెద్ద సంగతి ఇంకోటి ఉంది. ట్రేలు, రాకులు కడిగినట్టు ల్యాప్‌టాప్‌ను మందు నీళ్లతో కడగలేం. జబ్బు పురుగు పట్టిన చేతితో దాన్ని ముట్టి, అదే చేతితో మంచి పురుగుల దగ్గరకు పోతే రోగాన్ని మనమే మోసుకుపోయినట్టు. చూపించాల్సిన పురుగులను మూత ఉన్న డబ్బాలో బయటికి తెచ్చుకోండి. తిరిగి లోపలికి పోయే ముందు చేతులు సబ్బుతో కడిగి, మందు నీళ్లలో ముంచండి. ఫోనుకూ ఇదే పద్ధతి. కెమెరా అద్దాన్ని కళ్లద్దాలు తుడిచే పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

చివరిగా ఒక్క మాట. కెమెరా కోసం వైద్యం ఆపొద్దు. చూపించడానికి నాలుగైదు పురుగులు ఉంచుకొని, మిగతా జబ్బు పురుగులను వెంటనే ఏరి సున్నం, బ్లీచింగ్ కలిపిన నీళ్ల గిన్నెలో వేయండి. పడకలో పురుగులను పలచన చేయండి, గాలి ఆడనివ్వండి. పై వరుసంతా చూడ్డానికి అరగంట చాలు. అప్పటికీ బొమ్మ రాకపోతే ల్యాప్‌టాప్ పక్కన పెట్టి ఫోనులోనే కాల్ కలపండి. మిషను రేపు బాగు చేయించుకోవచ్చు, అయిదో దశ పురుగు రేపటిదాకా ఆగదు.

ఇట్లు,
మీ తోటి పట్టు రైతు, సాత్తూరు