భావనపాడు తీరంలో స్నానం – జాగ్రత్తలు

కార్తీకమాసంలో పిల్లలతో భావనపాడు తీరానికి వెళ్తున్నారా? కాపలా లేనిచోట మీ పిల్లలకు మీరే కాపలా.

అలలు విరిగే చోట్ల మధ్య నీరు నిశ్చలంగా కనిపిస్తే అక్కడ దిగకండి. ఒడ్డుకొచ్చిన నీరు వెనక్కి పోయే దారి తరచు అదే. ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ దగ్గరా దిగవద్దు.

నీరు లోపలికి లాగుతుంటే ఎదురీదకండి, అలసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, తర్వాత ఒడ్డుకు రండి. ఈతరానివారు రక్షించబోయి దిగవద్దు. తాడుగానీ మూత బిగించిన ఖాళీ క్యానుగానీ విసరండి.

బయటికి తీశాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించకండి. ఆ నిమిషాలే ప్రాణం తీస్తాయి. శ్వాస లేకపోతే 108కు ఫోన్ చేయించి, వెంటనే నోట్లోకి 2 సార్లు ఊపిరి ఊదండి. తర్వాత రొమ్ము మధ్య 30 సార్లు నొక్కి, మళ్లీ 2 సార్లు ఊదండి. సాయం అందేవరకు ఆపకండి. తేరుకున్నా ఆసుపత్రికి తీసుకురండి.